ఆకలి తాళము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో గడప దాటి వచ్చినవారిని మొదట అడిగేది "అన్నం తిన్నారా?" అనే. నాయకరాజుల కాలమునుండి ఈ నేలపై ఉంటూ మనము తెలుగు మాటలు చాలా పోగొట్టుకున్నాము గాని ఈ మాటను పోగొట్టుకోలేదు. అందుచేత ఆకలిని గురించి మాట్లాడవలెనని కార్యదర్శిగారు కోరగా ఒప్పుకొన్నాము. విందుకు ముందు ఆకలిపై ప్రసంగము వినడము మీ ఓపికకు పరీక్షే.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి. మా నాయన మిల్లులో మూడు షిఫ్టులూ చూచిన మనిషి. చివరి సంవత్సరము కేన్సరు వచ్చి అన్నము సయించడము మానినది. "ఒక్క ముద్ద తిను నాయనా" అని బతిమాలినాము; ఒకనాడు కోప్పడినాము కూడ. అది మొండితనమనుకున్నాము. ఆకలి మనస్సుకు సంబంధించినదే కాదు, శరీరములో దానికొక తాళము, తాళపుచెవి ఉన్నవని అప్పుడు మాకు తెలియదు.

ఆ తాళము కథ విచిత్రమైనది. 1970ల చివర అమెరికాలో సిరిల్ బవర్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కొన్ని చిన్న పెప్టైడులను తయారుచేసి చూడగా, అవి మెదడు క్రింది పీయూష గ్రంథిచేత పెరుగుదల హార్మోనును విడుదల చేయించినవి. అంటే మనిషి చేసిన చెవితో ఏదో తాళము తెరుచుకొన్నది. తాళమేదో 1996లో మెర్క్ కంపెనీ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. శరీరము స్వయముగా చేసుకొనే చెవి 1999లో జపానులో కొజిమా, కంగావా అనువారికి దొరికినది. దొరికినది మెదడులో కాదు, ఎలుక జీర్ణాశయములో! దానికి గ్రెలిన్ అని పేరు పెట్టినారు. తాళమును గ్రెలిన్ గ్రాహకము అంటారు.

గ్రెలిన్ 28 అమైనో ఆమ్లముల గొలుసు. మూడవ పూసకు ఎనిమిది కార్బనుల కొవ్వు ఆమ్లము ఒకటి అంటుకొంటేనే ఈ చెవి బాగుగా తిరుగుతుంది. ఆ ఆమ్లము కొబ్బరినూనెలో కూడ కొంత ఉంటుంది. (అందుచేత కొబ్బరినూనె త్రాగమనీ మానమనీ మేము చెప్పడము లేదు.) భోజనమునకు ముందు రక్తములో గ్రెలిన్ పెరుగుతుంది, తిన్న తరువాత తగ్గుతుంది. ఏకాదశి ఉపవాసమున్న మన అవ్వలకు ఒక సంగతి తెలుసు: మధ్యాహ్నము వేళకు ఆకలి మండి, ఆ వేళ దాటితే తానే సద్దుకొంటుంది. ఇరవైనాలుగు గంటలు తిననివారిని పరీక్షించినప్పుడు గ్రెలిన్ కూడ అలవాటైన వేళలకు ఎక్కి, తినకపోయినా దిగినది.

రాత్రి షిఫ్టు కుటుంబములు దీనిని వినవలెను. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో పన్నెండుమంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనివ్వగా, పదేసి గంటలు పడుకొన్నప్పటికంటె గ్రెలిన్ 28 శాతము ఎక్కువగా కనిపించినది. 2002 నాటి మరొక పరిశోధనలో పథ్యముతో 17 శాతము బరువు తగ్గినవారికి గ్రెలిన్ 24 శాతము పెరిగినది. తగ్గిన బరువు మళ్ళీ వచ్చిన కోడలిని "నోరు కట్టుకోలేదు" అని ఎగతాళి చేసే అత్తలు ఈ అంకెను జ్ఞాపకముంచుకోవలెను.

అయితే తాళమును మూసివేస్తే స్థూలకాయము పోదా? అట్లే ఆశించారు. గ్రెలిన్‌కు విరుద్ధముగా టీకా కూడ చేసి చూచినారు, బరువు తగ్గలేదు. ఈ తాళము చెవి లేకున్నను సగము తెరుచుకొనే ఉంటుంది. పైగా ఆకలి, పెరుగుదల, జీర్ణాశయపు కదలిక, రక్తములోని చక్కెర అన్నిటితోను దానికి పొత్తు ఉన్నది. ఒక పనిని పట్టబోతే ఇంకొకటి కదులుతుంది.

తెరవడములో కొంత ఫలితము కనిపించినది. ఆకలి పుట్టించే కాప్రొమొరెలిన్ అనే మందును 2016లో అమెరికాలో కుక్కలకు అనుమతించినారు. కేన్సరువలన చిక్కిపోయే మనుష్యులకు అనమొరెలిన్ అనే మాత్రను జపాను 2021లో అనుమతించినది. శునకములదే ముందడుగు! ఆ మాత్రతో రోగుల కండ పెరిగినది గాని పిడికిలి బలము పెరిగినట్లు పెద్ద పరీక్షలలో తేలలేదు. యూరపు మందుల సంస్థ 2017లో దానిని నిరాకరించినది. ఆ మాత్ర ఉండి ఉంటే మా నాయన బ్రతికేవారని మేము అనుకోము. బహుశః ఒక గిన్నె రసమన్నము ఇష్టముగా తిని ఉండేవారు.

చివరగా, వ్యాయామశాలలకు పోయే మన కుర్రవాళ్ళ సంగతి. కండ పెంచుతుందని ఎంకే-677 అనే పదార్థమును కొందరు అమ్ముతారు. అదికూడ ఈ తాళమునే తెరుస్తుంది. అది రక్తములో చక్కెరను పెంచినట్లు పరీక్షలలో కనబడినది. తుంటి ఎముక విరిగిన వృద్ధులపై జరిపిన ఒక పరీక్షను, గుండె వైఫల్యపు భయమువలన మధ్యలోనే ఆపినారు. క్రీడాకారులకు అది నిషిద్ధము. మధుమేహము లేని ఇల్లు మనలో ఎన్ని ఉన్నవో మీకే తెలుసు. మీ అబ్బాయి గదిలో అటువంటి సీసా కనిపిస్తే కోప్పడక కూర్చోబెట్టి అడగండి, డాక్టరు దగ్గరకు తీసుకొనిపొండి.

వంటవారు తలుపు దగ్గరనుండి సైగ చేస్తున్నారు. మిగిలిన ప్రశ్నలు పంక్తిలో అడగవచ్చును. మేము చివరి వరుసలో కూర్చుంటాము.