వైఫై పెట్టెలు పదికాలాలు పనిచేయాలంటే

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం తరఫున బడికి వైఫై యాక్సెస్ పాయింట్లు ఇస్తున్నాం. సంతోషం. అయితే ఇలాంటి పెట్టెలు చాలాచోట్ల చెడిపోకముందే మూలన పడుతుంటాయి. పాస్‌వర్డు తెలిసిన మాస్టారు బదిలీ అవుతారు. మిగిలినవారు ముట్టుకోవడానికి భయపడతారు. ఆ భయం పోగొట్టడానికే ఈ నాలుగు మాటలు.

ముందు అమరిక. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డుపడకుండా వాడుకోదగ్గ చానళ్లు మూడే: 1, 6, 11. పక్కపక్క గదుల పెట్టెలు ఒకే చానల్ మీదుంటే ఒకే తరగతిలో ఇద్దరు మాస్టార్లు పాఠం చెప్పినట్టే. ఒకరు ఆగితేగాని రెండోవారు నోరు తెరవలేరు. సిగ్నల్ బలం పూర్తిగా పెంచడమూ మేలు కాదు. పెట్టె మాట దూరంగా ఉన్న ట్యాబ్‌కు చేరుతుంది గానీ, ట్యాబ్ మాట పెట్టెకు చేరదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చాలి. ఆఫీసు కంప్యూటర్లకూ పిల్లలకూ నెట్‌వర్కులు వేరుగా ఉండాలి.

ఇక ఫర్మ్‌వేర్. అంటే పెట్టెను లోపలినుంచి నడిపించే ప్రోగ్రాం. 'పనిచేస్తోంది కదా, దాన్నెందుకు కదపడం?' అంటారు. 2017 అక్టోబరులో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ వైఫై రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ2లో 'క్రాక్' అనే లోపాన్ని బయటపెట్టారు. పాస్‌వర్డు మార్చినా అది పోదు. పరికరాల్లో సాఫ్ట్‌వేర్ మార్చాల్సిందే.

భయానికీ కారణముంది. పాత ప్రోగ్రాం చెరిపి కొత్తది రాసుకునే ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే కొన్ని పెట్టెలు మళ్లీ లేవవు. రెండు ప్రతులు దాచుకునే రకమైతే పాతదానితో లేస్తుంది. కొనేటప్పుడే ఈ సంగతి అడగాలి.

పని వరస ఇది. సెలవురోజు చూసుకోండి. ఉన్న సెట్టింగులను ఫైలుగా దాచండి. పెట్టె మీది చీటీలో మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్ చూసి, సరిగ్గా దానికి తయారైన ఫైలునే కంపెనీ సైటునుంచి దించుకోండి. చెక్‌సమ్ ఇచ్చి ఉంటే సరిపోల్చండి. వైఫై మీద కాకుండా కేబుల్ పెట్టి చేయండి. కంప్యూటర్‌నూ పెట్టెనూ యూపీఎస్ మీద ఉంచండి. పెట్టెకు నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు వస్తుంటే స్విచ్‌కూ యూపీఎస్ ఉండాలి. మొదట ఒక్క పెట్టెకే చేసి, వారం రోజులు తరగతులు నడిచాక మిగతావాటి జోలికి వెళ్లండి.

సంఘానికి నా విన్నపం ఒకటే. పెట్టెలతోపాటు ఒక యూపీఎస్, ఒక స్పేర్ పెట్టె, ఒక నోటుపుస్తకం ఇద్దాం. ఏ పెట్టె ఏ గదిలో ఉంది, ఏ చానల్, ఏ తేదీన ఏ ఫర్మ్‌వేర్ ఎక్కించారు, అన్నీ అందులో రాయాలి. పాస్‌వర్డులు సీలు కవరులో ప్రధానోపాధ్యాయుల బీరువాలో ఉండాలి. ఇద్దరు ఉపాధ్యాయుల చేత ఈ పని ఒకసారి చేయించి చూపిద్దాం. ఒకరు బదిలీ అయినా రెండోవారు ఉంటారు. ఆ శిక్షణకు ఏటా ఒక ఆదివారం నేను వస్తాను. నాతో ఇంకెవరైనా రాగలిగితే ఈరోజే పేరివ్వండి.

సెలవు.