మాత్ర మింగడం నేర్పుదాం

వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉన్న మన తెలుగు అమ్మానాన్నలకు ఈ నాలుగు మాటలు.

సిరప్పులతో పెరిగిన పిల్లల చేతిలో ఒకరోజు డాక్టరు మాత్ర పెడతారు. పిల్లాడు నోరు బిగిస్తాడు. కోప్పడకండి. మాత్ర మింగడం ఈత లాంటిది, నేర్పితే వస్తుంది.

జ్వరం వచ్చిన రోజున కాదు, ఆడుకునే రోజున మొదలుపెట్టండి. సగ్గుబియ్యం పాయసం గుర్తుందా? ఆ గింజలు నమలకుండానే జారిపోతాయి. "చూశావా, నీకు మింగడం వచ్చు" అని చెప్పండి.

తర్వాత కేకు మీద చల్లే చిన్న చక్కెర పూసతో సాధన. నిటారుగా కూర్చోవాలి. ముందు ఒక గుక్క నీళ్లు. పూస నాలుక మీద. మళ్లీ నీళ్లు, ఒక్క గుటక. అది వచ్చాకే కాస్త పెద్దది. రోజూ కొద్ది నిమిషాలు చాలు.

తల వెనక్కి వాల్చనివ్వకండి. క్యాప్సూల్ నీళ్లలో తేలుతుంది కనుక, దానికి గడ్డం కొంచెం కిందికి వంచాలి.

మూడు జాగ్రత్తలు. నాలుగేళ్లలోపు పిల్లలకు ఈ సాధన వద్దు. మందును మిఠాయి అని ఎప్పుడూ చెప్పకండి. ఫార్మసిస్టును అడగకుండా మాత్రను నలపకండి, క్యాప్సూల్ విప్పకండి. నెమ్మదిగా కరగాల్సిన మందు నలిపితే ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

మళ్లీ చెబుతున్నాను. చిన్నదానితో మొదలు. నిటారుగా కూర్చోవడం. గుక్కెడు నీళ్లు. బోలెడంత ఓపిక. మింగిన ప్రతిసారీ ఒక మెచ్చుకోలు.