వంశవృక్షంలో తొలి కొమ్మ

జంతువుల వంశవృక్షంలో ముందు విడిపోయిన కొమ్మ ఏది? పోటీదారులు ఇద్దరు: స్పంజిక, టీనోఫోర్. బంగాళాఖాతంలో ఇద్దరూ బతుకుతున్నారు.

స్పంజికకు నరాలు లేవు, కండరాలు లేవు. అందుకే చాలాకాలం అదే మొదటిదన్నారు. టీనోఫోర్‌కు రెండూ ఉన్నాయి. ఒంటిమీద దువ్వెనపళ్లలా ఉన్న ఎనిమిది వరుసల నూగు కదులుతుంటే అది ఈదుతుంది.

2008లో జన్యువుల పోలిక టీనోఫోర్ వైపు మొగ్గింది. వాదం ముదిరింది.

2023లో డారిన్ షుల్ట్జ్ బృందం ఏ జన్యువులు ఒకే క్రోమోజోమ్‌పై ఉన్నాయో చూసింది. కొన్ని జన్యు గుంపులు స్పంజికల్లోనూ మిగతా జంతువుల్లోనూ కలగలిసిపోయాయి. టీనోఫోర్లలో, జంతువుల ఏకకణ బంధువుల్లో విడివిడిగానే ఉన్నాయి. ఒకసారి కలగలిసినవి మళ్లీ పాత గుంపులుగా విడిపోవడం దాదాపు అసాధ్యం. అంటే ఆ కలయికకు ముందే టీనోఫోర్ విడిపోయిందన్నమాట. ఎంత గట్టి సాక్ష్యం!

టీనోఫోరే ముందైతే నరాలు రెండుసార్లు పుట్టి ఉండాలి, లేదా స్పంజికలు వాటిని పోగొట్టుకుని ఉండాలి. స్పంజికే ముందనే శాస్త్రవేత్తలు మాత్రం ఇంకా పట్టు విడవలేదు.