ఇంట్లో చేసుకునే ఆంప్లిఫయర్‌కు ఎంత ట్రాన్స్‌ఫార్మర్ కావాలి?

(మాదాపూర్, కొండాపూర్ ప్రాంత సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి గారు ఇక్కడ సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి మనలో చాలామందిమి ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నాం. ఈనాడు ఆ టవర్స్ చుట్టుపక్కలే, పిల్లల దగ్గర అపార్ట్‌మెంట్లలో ఉంటున్నాం. వాళ్ల పని సాఫ్ట్‌వేరు. మన చేతులకు మాత్రం సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు అలవాటు. అందుకే పాటలు వినడానికి సొంతంగా ఆంప్లిఫయర్ చేసుకుంటున్న మిత్రులు మన సంఘంలో చాలామందే ఉన్నారు. వారందరూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ సైజు ట్రాన్స్‌ఫార్మర్ కొనాలండీ?"

నా జవాబు కూడా ఒక్కటే. లెక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలుపెట్టకండి, స్పీకరు దగ్గర మొదలుపెట్టండి. మన హాలుకు ఒక్కో స్పీకరుకు 15 వాట్లు ఎక్కువే. 15ను 30 చేసినా చెవికి తెలిసే తేడా 3 డెసిబెల్స్ మాత్రమే. ఆ కాస్త కోసం ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్, ఖర్చు అన్నీ పెరుగుతాయి. పక్క ఫ్లాటువారితో మాటలు పడటం అదనం.

ముందుగా వోల్టేజి సంగతి చూద్దాం. మనవాళ్లు ఎక్కువగా వాడే ఎల్.ఎం. 1875 ఐ.సి.ని తీసుకుందాం. ఇది ఇటు 30, అటు 30, మొత్తం 60 వోల్టులకు మించి ఓర్చుకోలేదు. "18-0-18 పెడితే డయోడ్ల తరువాత 25 వోల్టులే కదా" అంటారు. పట్టపగలు, లోడు మీద, ఆ మాట నిజమే. కాని లోడు లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజి సుమారు 10 శాతం పెరుగుతుంది. తెల్లవారుజామున లైను 230 నుంచి 250కి పోయిందనుకోండి. 18 కాస్తా 21.5 అవుతుంది. కెపాసిటరు మీద దానికి 1.414 రెట్లు, అంటే దాదాపు 30 వోల్టులు! ఐ.సి. సరిగ్గా గోడ అంచున నిలబడి ఉంటుంది. 15-0-15 పెడితే అదే పరిస్థితిలో 25 దాటదు. లోడు మీద 20 వోల్టులు వస్తాయి. 8 ఓముల స్పీకరుకు 15 వాట్లు ఇవ్వడానికి అది చాలు.

ఇక ఆంపియర్లు. రెండు చానళ్లూ పూర్తి శక్తితో పనిచేస్తే ఒక్కో వైపు డి.సి. సుమారు 1.4 ఆంపియర్లు. కాని ట్రాన్స్‌ఫార్మరు చుట్ట మోసేది అంతకంటే ఎక్కువ. కెపాసిటరు కరెంటును ధారగా తీసుకోదు, సైన్‌వేవు శిఖరం వచ్చినప్పుడల్లా గుక్కలు గుక్కలుగా లాగుతుంది. అందుచేత చుట్ట వేడెక్కడానికి లెక్కించవలసిన కరెంటు డి.సి.కి 1.6 నుంచి 1.8 రెట్లు. అంటే 2.2 నుంచి 2.5 ఆంపియర్లు. కనుక 15-0-15, 3 ఆంపియర్లు తీసుకోండి. కొస నుంచి కొసకు 30 వోల్టులు, 3 ఆంపియర్లు, మొత్తం 90 వోల్ట్-ఆంపియర్లు. పాటలో సగటు శక్తి తక్కువ కాబట్టి 2 ఆంపియర్లతో కూడా నడుస్తుంది. కాని మూసిన పెట్టెలో, మన మే నెల ఎండల్లో, ఆ కాస్త వెసులుబాటు ఉండటం మంచిది. అలాగని 10 ఆంపియర్లది కొనడం దండగ. బరువు, ఖర్చు పెరగడమే గాక, స్విచ్చి వేయగానే ఒక్క ఉదుటున కరెంటు లాగి ఫ్యూజును కొడుతుంది.

చీటీ మీద ఉన్న అంకె నమ్మడం ఎలా? ఇనుము అబద్ధం చెప్పదు. మామూలు ఇ-ఐ రేకుల ట్రాన్స్‌ఫార్మరులో నడిమి కాలు వెడల్పు అంచు కాలుకు రెట్టింపు ఉంటుంది. అంచు కాలును స్కేలుతో కొలిచి రెట్టింపు చేయండి, రేకుల దొంతర మందంతో గుణించండి. వచ్చిన చదరపు సెంటీమీటర్లు, వోల్ట్-ఆంపియర్ల వర్గమూలానికి సుమారు 1.15 రెట్లు ఉండాలి. 90కి 11 చదరపు సెంటీమీటర్లు కావాలి.

మా మిత్రులొకరు "3 ఆంపియర్లు" అని రాసి ఉన్నది కొన్నారు. రెండు గంటలు భజన పాటలు పెట్టేసరికి చెయ్యి పెట్టలేనంత వేడి, వార్నిషు కాలిన వాసన! కొలిచి చూస్తే 6.5 చదరపు సెంటీమీటర్లు. అది 1 ఆంపియరు సరుకు. పైగా ప్రైమరీలో ఫ్యూజు లేదు. ఇంటిల్లిపాదీ నిద్రపోయిన తరువాత అదే జరిగి ఉంటే? కనుక ప్రైమరీలో 500 మిల్లీ ఆంపియర్ల స్లో-బ్లో ఫ్యూజు, ఇనుప పెట్టెకు ఎర్తు, మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. మొదటిసారి స్విచ్చి వేసేటప్పుడు వరుసలో 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు పెట్టండి. క్షణం వెలిగి మసకబారితే క్షేమం. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి, తప్పు వెతకండి.

మరొక్క మాట. ఇంట్లో చదరపు అలల ఇన్వర్టరు ఉంటే, కరెంటు పోయినప్పుడు ఆంప్లిఫయర్ ఆపేయండి. ట్రాన్స్‌ఫార్మరు రొద పెట్టి వేడెక్కుతుంది.

సరుకు కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లేవారు హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగవచ్చు. జేబులో ఒక స్కేలు పెట్టుకోవడం మరచిపోకండి. వీలైతే మనవణ్ణో మనవరాలినో వెంట తీసుకువెళ్లండి. కొలత వాళ్ల చేతే తీయించండి, వర్గమూలం వాళ్లనే కట్టమనండి. మన చేతిలోని విద్య నలుగురికీ అందాలంటే అంతకు మించిన దారి లేదు.