కారు వెనక సైకిల్ ర్యాక్: బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

పోయిన వీడియోలో అనంతగిరి రైడ్ చూపించాను కదా. దాని కింద చాలామంది అడిగింది రూట్ గురించి కాదు, కారు వెనక సైకిళ్లు ఎలా కట్టానని. ఒకరైతే "ర్యాక్ కొన్నా బ్రో, కానీ హైవే ఎక్కాలంటే భయంగా ఉంది" అన్నారు. ఆ భయం మంచిదే. నాకు మొదట్లో అది లేదు. అందుకే ముందు నేను చేసిన తప్పు చెప్తాను, తర్వాత పద్ధతి చెప్తాను.

రెండేళ్ల కిందట నేను, మా బావ కలిసి వికారాబాద్ బయల్దేరాం. తెల్లవారుజామున చీకట్లో, ఫోన్ టార్చ్ పెట్టుకుని ర్యాక్ కట్టాను. ధైర్యానికి పాత సైకిల్ ట్యూబ్ ఒకటి గట్టిగా చుట్టాను. చేవెళ్ల వైపు ఆ మర్రిచెట్ల రోడ్డు తెలుసు కదా, అక్కడ వెనక నుంచి ఒక బైక్ ఆగకుండా హారన్ కొడుతోంది. సైడ్ అడుగుతున్నాడేమో అనుకుని ఎడమకి జరిగాను. ఆయన దాటి వెళ్లలేదు. పక్కకొచ్చి "అన్నా, ఎన్కకు సూడు, సైకిల్ ఊడిపోతున్నది!" అని అరిచాడు. బైక్ మీద వెనక భార్య, ముందు ట్యాంక్ మీద చిన్న పాప.

ఆపి చూస్తే కింది హుక్ ఒకటి ఊడిపోయింది. ర్యాక్ ఒక పక్కకి ఒరిగింది. సైకిల్ చక్రం రోడ్డుకి జానెడు ఎత్తులో ఊగుతోంది. డిక్కీ తలుపు కింద ఉండే మెటల్ అంచుకి తగిలించాల్సిన హుక్‌ని నేను చీకట్లో ప్లాస్టిక్ బంపర్ ఒంపుకి తగిలించాను. ఏదో స్పీడ్ బ్రేకర్ దగ్గర అది జారింది. ట్యూబ్ ఉండబట్టే సైకిల్ పడలేదని మా బావ అంటాడు. ట్యూబ్‌ని నమ్ముకుని హుక్ సరిగా చూడలేదు కాబట్టే జారిందని నేనంటాను.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకి 60 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. మన రోడ్ల మీద బైక్ వాళ్లు కారు వెనక ఎంత గ్యాప్‌లో వస్తారో మీకు తెలుసు. మీ సైకిల్ పడితే వెనకాయనకి బ్రేక్ మీద కాలు వేసే టైమ్ కూడా ఉండదు. కాబట్టి సైకిల్ ఖరీదు సంగతి తర్వాత. మనం కట్టేది వెనకొచ్చే వాళ్ల కోసం.

ఓకే, పద్ధతిలోకి వద్దాం. మన దగ్గర ఎక్కువమంది వాడేది డిక్కీ మీద స్ట్రాప్‌లతో కట్టే ర్యాక్. నేను చెప్పేది దాని గురించే.

మొదటిది, కొనే ముందు. ర్యాక్ కంపెనీ ఇచ్చే లిస్టులో మీ కారు మోడల్ ఉందో లేదో చూడండి. డిక్కీ మీద ప్లాస్టిక్ స్పాయిలర్ ఉన్నా, పై అంచు అంతా గ్లాసే అయినా హుక్‌లకి పట్టు దొరకదు. అలాగే బరువు. మామూలు ఎంటీబీ ఒకటి 15 కిలోల దగ్గర ఉంటుంది. ఎలక్ట్రిక్ సైకిల్ 20 కిలోలు దాటడం మామూలే. ర్యాక్ మీద రాసిన లిమిట్‌లో మొత్తం బరువు ఎంత, ఒక్కో సైకిల్‌కి ఎంత అనేవి రెండూ చూడండి.

రెండోది, బిగించడం. డిక్కీ మీద దుమ్ము తుడవండి. లేకపోతే ర్యాక్ స్పాంజ్ కింద ఇసుక ఉండిపోయి పెయింట్‌ని ఉప్పు కాగితంలా గీస్తుంది. ముందు పై స్ట్రాప్‌లు, తర్వాత కిందివి, చివర్లో పక్కవి. ఒకదాన్నే పూర్తిగా బిగించేయకుండా, కుడి ఎడమలు మార్చుకుంటూ కొంచెం కొంచెం లాగండి. ప్రతి హుక్‌నీ చేత్తో తడిమి చూడండి, మెటల్ అంచుని పట్టిందా లేదా అని. మిగిలిన స్ట్రాప్ కొసలు ముడివేసి కట్టేయండి, గాలికి కొట్టుకోకుండా.

ట్యూబ్, బంగీ తాడు లాంటివి సాగుతాయి ఫ్రెండ్స్. సాగేది ఏదీ బరువు మోయకూడదు. ముందు చక్రం అటూ ఇటూ తిరగకుండా ఫ్రేమ్‌కి కట్టడానికి వాడుకోండి, అంతవరకే.

మూడోది, సైకిళ్లు ఎక్కించడం. బరువైనది కారుకి దగ్గరగా, తేలికైనది బయటికి. రెండోదాన్ని హ్యాండిల్ అటువైపు వచ్చేలా తిప్పి పెట్టండి, అప్పుడు హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు. వాటర్ బాటిల్, పంపు, లైటు, సీటు కింద బ్యాగు తీసి కారులో పెట్టేయండి. పెడల్‌కి పాత టీ షర్ట్ చుట్టండి. పై రాడ్డు వంగి ఉండే లేడీస్ సైకిల్, పిల్లల సైకిల్ అయితే సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య బిగించే అడాప్టర్ రాడ్ దొరుకుతుంది, అది వేసి ఎక్కించండి. కార్బన్ ఫ్రేమ్ అయితే ట్యూబ్ మీద గట్టిగా నొక్కే క్లాంప్ వద్దు.

ఇంకోటి, సైలెన్సర్ ఎక్కడుందో చూడండి. దాని వేడి గాలి నేరుగా టైరుకి తగిలితే టైరు పాడవుతుంది. చక్రం దానికి ఎదురుగా రాకుండా పెట్టండి.

నాలుగోది, నేను ఎప్పుడూ వదలని టెస్ట్. సైకిల్‌ని పట్టుకుని గట్టిగా ఊపండి. సైకిల్‌తో పాటు కారు కూడా ఊగాలి. కారు కదలకుండా సైకిల్ ఒక్కటే ఊగితే ఎక్కడో లూజ్ ఉన్నట్టే, మళ్లీ మొదట్నుంచి చూడండి. ఆఫీసులో ఉన్నప్పుడు మన కోడ్ మనమే అప్రూవ్ చేసుకునే వాళ్లం కాదు కదా? ఇక్కడా అంతే. కట్టింది నేనైతే చెక్ చేసేది మా బావ. మన తప్పు మన కళ్లకి కనపడదు.

ఐదోది, లైట్లు, నంబర్ ప్లేట్. ఒకరిని కారు వెనక పది మీటర్ల దూరంలో నిలబెట్టి బ్రేక్ నొక్కండి, ఇండికేటర్లు వేయండి. వాళ్లకి కనపడాలి. నంబర్ ప్లేట్ దాచడం రూల్స్‌కి విరుద్ధం. కనపడట్లేదంటే సైకిల్ జరపండి, చక్రం విప్పి లోపల పెట్టండి, లేదా ఒక సైకిల్ తగ్గించండి. వెడల్పు కూడా చూసుకోండి. సైకిల్ పొడవు 170 నుంచి 180 సెంటీమీటర్లు. మన హ్యాచ్‌బ్యాక్ వెడల్పు 170 చుట్టుపక్కల. అంటే చక్రం పక్కకి పొడుచుకొస్తుంది. ఇరుకు రోడ్డులో అది తగిలేది పక్కన వెళ్లే బైక్ ఆయన మోకాలికే. ముందు చక్రం విప్పేస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది.

ఇక డ్రైవింగ్. స్పీడ్ రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. ఓఆర్ఆర్ మీద 120 దాకా పర్మిషన్ ఉన్నా, ర్యాక్ ఉన్నప్పుడు నేను 80 దాటను. స్పీడ్ బ్రేకర్ దగ్గర నడక స్పీడే. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ దగ్గర కింది చక్రం నేలకి తగులుతుందేమో దిగి చూడండి. రివర్స్ కెమెరాకి సైకిల్ తప్ప ఏం కనపడదు, ఎవరినైనా వెనక నిలబెట్టుకోండి. వెనక వైపర్ ఆఫ్ చేయండి. డిక్కీ మాత్రం తెరవొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, బయల్దేరాక రెండు కిలోమీటర్లకి ఒకసారి ఆపండి. స్పాంజ్ అణిగి, స్ట్రాప్ సర్దుకుని, మొదట్లోనే కొంత లూజ్ అవుతుంది. మళ్లీ పది కిలోమీటర్లకి, ఆ తర్వాత టీకి ఆగిన ప్రతిసారీ చూడండి. వాన పడితే ఇంకోసారి చూడండి, నైలాన్ స్ట్రాప్ తడిస్తే కొంచెం సాగుతుంది. ఇంటికొచ్చాక ర్యాక్ విప్పేయండి. నెలల తరబడి మన ఎండలో వదిలేస్తే స్ట్రాప్ బలం పోతుంది. రంగు వెలిసి, అంచులు నూలు లేస్తుంటే మార్చేయడమే.

ఆ రోజు కారు ఆపి, హుక్ చూసి, తేరుకునేసరికి ఆ బైక్ వెళ్లిపోయింది. థ్యాంక్స్ కూడా చెప్పలేదు. తన ముందు పాపని కూర్చోబెట్టుకుని, నా కారుకి దూరంగా జరగాల్సింది పోయి, నాకు చెప్పడానికి పక్కకొచ్చాడు ఆయన. ఇప్పుడు హుక్ తడిమి చూసే ప్రతిసారీ ఆ పాపే గుర్తొస్తుంది.

మీ కారుకి ఏ ర్యాక్ సెట్ అయిందో, ఎక్కడ ఇబ్బంది వచ్చిందో కామెంట్‌లో రాయండి, ఇంకొకరికి పనికొస్తుంది. ర్యాక్ కొన్న ఫ్రెండ్ ఉంటే ఈ వీడియో పంపండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం. బై!