పోయిన తాళంచెవి



చెన్నూరులో మా ఇంట అమ్మ వాడిన టేకు బీరువా ఒకటి ఉన్నది. ఆమె పోయిన తరువాత దాని తాళంచెవి దొరకలేదు. పొలం కాగితాలు లోపలనే ఉండిపోయినవి. గడ్డపారతో తలుపు పెకలించబోయిన తమ్ముణ్ణి ఆపి, తాళాలు బాగుచేసే పెద్దాయనను పిలిపించాము.

అది లీవరు తాళము. 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ పేటెంటు పొందిన పద్ధతికి చెందినది. లోపలి రేకులన్నీ సరియైన ఎత్తుకు లేచినప్పుడే గడియ కదులుతుంది; తక్కువ లేచినా, ఎక్కువ లేచినా కదలదు.

ఆయన పళ్ళు కోయని చెవికి దీపపు మసి పట్టించి, లోపల పెట్టి మెల్లగా తిప్పారు. రేకు తగిలి మసి చెరిగినచోట ఆకురాయితో కొద్దిగా అరగదీశారు. మరల మసి, మరల ఆకురాయి. ఎక్కువ అరిగితే ఆ చెవి ఇక పనికిరాదట. రెండు గంటలకు తాళం తెరచుకున్నది.

కాగితాల ప్రక్కన, మా ఇద్దరి పేర అమ్మ వేరువేరుగా కట్టి ఉంచిన మూటలు రెండు కనిపించినవి. తమ్ముడు మాటలాడక వెళ్ళి, గడ్డపారను పెరటిలో పెట్టి వచ్చాడు.

మీ ఇండ్లలోను ఇట్టి బీరువాలు ఉండవచ్చును. ముందుగా ఓపికతో వెదకండి. దొరకనిచో పనివానిని పిలవండి. గడ్డపారకు చివరి వంతు ఇవ్వండి.