టెండరు కాగితంలో మన వాటా ఎక్కడ?

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నాకిచ్చిన అంశం ప్రభుత్వ కొనుగోళ్లు. భూమి గురించో, శ్మశానం గురించో, కూలి రేట్ల గురించో మాట్లాడకుండా ఈ కొనుగోళ్ల గోల మనకెందుకని కొందరికి అనిపించొచ్చు. ఎందుకో చెప్తాను. రేషను షాపులో వేలు పెట్టే మిషను ఉంది. మన కార్డు ఉంచాలో తీసెయ్యాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేరు ఉంది. ఇవేవీ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ప్రభుత్వం డబ్బు పెట్టి తెచ్చుకున్నది. ఆ డబ్బు మనది. అగ్గిపెట్టె కొన్నా మనం పన్ను కడుతున్నాం.

కొనేముందు ప్రభుత్వం ఒక కాగితం రాస్తుంది. దాని పేరు టెండరు. ఎవరు అమ్మొచ్చు, మిషను ఏం చెయ్యాలి, చెయ్యకపోతే జరిమానా ఎంత అన్నీ అందులోనే ఉంటాయి. మిషను వాడకొచ్చాక మనం డీలరుతో కొట్లాడతాం. డీలరు "నా చేతిలో ఏముంది, సర్వరు డౌను" అంటాడు. ఎమ్మార్వో "పైనుంచి వచ్చింది" అంటాడు. అసలు సంగతి టెండరు కాగితంలో ఎప్పుడో తేలిపోయింది. ఆ కాగితంలో మనం రెండు చోట్ల లేం. అమ్మేవాళ్ల వరసలో లేం. నష్టం జరిగితే ఎవరికి కట్టియ్యాలి అనే చోటా లేం. ఇవాళ నేను చెప్పొచ్చింది ఇదే.

మొదట అమ్మేవాళ్ల సంగతి చూద్దాం. ఇది కొత్త కోరిక కాదు. 1942 అక్టోబరులో బాబాసాహెబ్ వైస్రాయికి ఒక వినతిపత్రం ఇచ్చారు. అప్పుడాయన వైస్రాయి కౌన్సిల్లో లేబరు మెంబరు. ఉద్యోగాలు, చదువులతో పాటు ప్రభుత్వ పనుల కాంట్రాక్టుల్లో మనవాళ్లు లేని సంగతి కూడా అందులో ఎత్తి చూపారు. అరవై ఏళ్ల తర్వాత, 2002 జనవరిలో భోపాల్‌లో దళిత మేధావులు కూడి చేసిన ప్రకటనలో మళ్లీ అదే డిమాండు వచ్చింది. అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం తన కొనుగోళ్లలో 30 శాతం ఎస్సీ, ఎస్టీల దగ్గర కొంటామని ప్రకటించింది. 2003 చివర్లో ఆ ప్రభుత్వమే పోయింది.

ఆ తర్వాత 2012లో కేంద్రం చిన్న పరిశ్రమల కోసం ఒక కొనుగోలు విధానం తెచ్చింది. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తాము కొనే వాటిలో 20 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొనాలి. అందులో ఎస్సీ, ఎస్టీ యజమానుల వాటా 4 శాతం. 2015 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి అయింది. 2018లో ఆ 20 శాతాన్ని 25 చేశారు, ఆడవాళ్లకు 3 శాతం చేర్చారు. మన 4 మాత్రం 4గానే ఉంది. వంద రూపాయల్లో నాలుగు రూపాయలు! జనాభాలో మనమెంత, ఆ నాలుగెంత? పోనీ, ఆ నాలుగైనా వచ్చాయా అంటే, ఏళ్లు గడిచినా లెక్క నాలుగుకు చేరలేదు.

ఎందుకు చేరలేదు? అదే విధానంలో ఒక వాక్యం ఉంది. ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండర్లో పాల్గొనకపోతే, లేదా షరతులకు, ధరకు తూగకపోతే, ఆ 4 శాతాన్ని మిగతా చిన్న సంస్థలతో నింపుకోవచ్చు. ఉద్యోగాల్లో "అర్హులు దొరకలేదు" అన్న పాత పాట మనకు తెలుసు. ఇది దాని చెల్లెలు.

ఆ షరతులెలా ఉంటాయో చూడండి. మన వాడ పిల్లోడొకడు డిప్లొమా చదివి మండల కేంద్రంలో కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే షాపు పెట్టాడనుకుందాం. పని వచ్చు, నమ్మకంగా చేస్తాడు. ఇక టెండరు వస్తుంది. మండలానికో జిల్లాకో కాదు, రాష్ట్రం మొత్తానికీ ఒకే టెండరు. మిషన్లు, సాఫ్ట్‌వేరు, రిపేరు అన్నీ కలిపి ఒకే మూట. గడచిన మూడేళ్లలో ఇన్ని కోట్ల టర్నోవరు చూపించాలంటారు. ఇంతకుముందు ఏదో ప్రభుత్వానికి ఇలాంటి పనే చేసి ఉండాలంటారు. పని ఇస్తేనే కదా అనుభవం వచ్చేది! బావి దగ్గరికి రానివ్వకుండా కడవ ఖాళీగా ఉందేమని అడిగినట్టుంది. చివరికి పెద్ద కంపెనీకి టెండరు దక్కుతుంది. ఆ కంపెనీ ఇంకొకరికిస్తుంది, ఆ ఇంకొకరు మన పిల్లోడినే నెల జీతానికి పెట్టుకుని మిషన్లు బాగుచేయిస్తారు. పని మనదే. బిల్లు మాత్రం మనది కాదు.

"మీకు చేతకాదు కాబట్టే" అంటారా? దానికి జవాబు మోరీ దగ్గరుంది. 2017లో హైదరాబాదు జలమండలి సందుల్లోకి పోయి మురుగు కాలువలు శుభ్రం చేసే 70 చిన్న మిషన్లు తెచ్చింది. డిక్కీ అనే దళిత వ్యాపారుల సంఘం తోడుతో, బ్యాంకు అప్పుతో, వాటికి దళితులు ఓనర్లయ్యారు. 2019లో ఢిల్లీ జలమండలి అదే దారిలో 200 మిషన్లు పెట్టింది, మనిషికో మిషను. ఎలా కుదిరింది? పనిని చిన్న చిన్న ముక్కలు చేశారు. పని ఖాయమని ముందే రాసిచ్చారు. రాసిచ్చారు కాబట్టి బ్యాంకు అప్పిచ్చింది. మనిషి మోరీలోకి దిగి చావకుండా మిషను రావడం మంచిదే, మనం కోరిందే. కానీ ఒక్క మాట అడుగుతాను. మురుగు దగ్గర ముక్కలు చెయ్యడం వచ్చిన ప్రభుత్వానికి కంప్యూటరు దగ్గర ఎందుకు రాదు? మోరీ మిషనుకు ఓనరైనవాడు రేషను మిషనుకు ఎందుకు ఓనరు కాకూడదు? కులం పాత పనుల్లోనే కాదు, కొత్త టెండర్లలో కూడా కూర్చుంది.

ఇక రెండో సంగతి, నష్టం. మిషను ఆగితే కంపెనీ బిల్లులో కోత పెట్టే షరతు టెండర్లలో ఉంటుంది. ఆ కోత సొమ్ము ఖజానాకు పోతుంది. బండలు మోసీ, బట్టలుతికీ వేలిముద్ర అరిగిపోయి మూడుసార్లు తిరిగిన అవ్వకు అందులో పైసా రాదు. ఆమె పోగొట్టుకున్న కూలి ఏ టెండర్లోనూ రాసి ఉండదు.

సాఫ్ట్‌వేరు సంగతి ఇంకా ఘోరం. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషను కార్డులు రద్దయ్యాయి. ఊళ్లోకొచ్చి, ఇంటికొచ్చి చూసి కాదు, కంప్యూటరు లెక్కను నమ్మి తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. రద్దైన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. కార్డు పోయినన్నాళ్లు ఆ ఇళ్లల్లో తిండి సంగతేంటి? ఆ లెక్క ఎట్లా కట్టారో, తప్పు పోతే ఎవరు జవాబుదారో కొనే రోజునే అడిగినవాళ్లు లేరు.

ఉపాధి పనిలో ఇంకో రకం చూశాం. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తీసి హాజరు వెయ్యాలన్నారు. యాప్ ప్రభుత్వం పెట్టింది. ఫోను మాత్రం కొనివ్వలేదు. మేట్లు సొంత ఫోను, సొంత రీచార్జి వాడారు. సిగ్నలు లేకపోతే కూలీకి మస్టరు పడలేదు. కొనాల్సింది కొనకుండా పేదోళ్ల మీద తోసెయ్యడమూ ఒక కొనుగోలు నిర్ణయమే.

మరి మనమేం చెయ్యాలి? నాలుగు పనులు చెప్తాను, రాసుకోండి.

ఒకటి, కాగితం అడగాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఊళ్లో అడిగితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. పేదరికపు రేఖ కింద ఉన్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు. టెండరు నకలు, ఒప్పందం నకలు, జరిమానాల లెక్క, ఎస్సీ, ఎస్టీ సంస్థల దగ్గర ఎంత కొన్నారో ఆ లెక్క అడగండి. వ్యాపార రహస్యం అంటారు. విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ 8వ సెక్షనులోనే ఉంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు వెయ్యండి.

రెండు, బియ్యం ఇవ్వకపోతే ఊరుకోవద్దు. 2013 ఆహార భద్రతా చట్టం 8వ సెక్షను ప్రకారం, హక్కుగా రావాల్సిన తిండిగింజలు ఇవ్వకపోతే ప్రభుత్వం భత్యం చెల్లించాలి. మిషను పనిచెయ్యలేదన్నది మన తప్పు కాదు. తేదీ, డీలరు చెప్పిన కారణం రాసి అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. నోటి మాట గాలికి పోతుంది, రసీదు నిలబడుతుంది.

మూడు, పనొచ్చిన మన పిల్లల చేత ఉద్యమ్ రిజిస్ట్రేషను చేయించండి. దానికి రుసుము లేదు. అది ఉంటే కేంద్ర టెండర్లలో ధరావతు కట్టక్కర్లేదు, టెండరు ఫారానికి డబ్బు కట్టక్కర్లేదు. 2016లో మొదలైన జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైను బజారులో పేరు నమోదు చేయించండి. ఒకటే జాగ్రత్త. భాగస్వామ్యమైతే ఎస్సీ, ఎస్టీల వాటా కనీసం 51 శాతం ఉండాలి. అందుకే కొందరు పెద్దమనుషులు మన పేరు అడుక్కుంటూ వస్తారు. పేరు మనది, పెత్తనం వాళ్లది. అసైన్డు భూముల్లో చూసిన బినామీ ఆటే ఇది. సంతకం పెట్టొద్దు.

నాలుగు, రాష్ట్రాన్ని అడగాలి. ఆ 4 శాతం కేంద్రానికే వర్తిస్తుంది. పక్కన కర్ణాటకలో ప్రభుత్వ నిర్మాణ పనుల్లో ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు రిజర్వేషను చట్టమే చేశారు. మొదట 50 లక్షల లోపు పనులకు, 2023లో కోటి దాకా పెంచారు. మన రెండు రాష్ట్రాలూ కంప్యూటర్లు, మిషన్లు, డిజిటల్ సేవల కొనుగోళ్లలో జనాభా ప్రకారం వాటా చట్టం చెయ్యాలి. టెండర్లు జిల్లా ముక్కలుగా పిలవాలి. జరిమానా సొమ్ము నష్టపోయిన కార్డుదారుకు చేరాలని టెండర్లోనే రాయాలి.

భూమి పట్టా మీద మన పేరు కోసం ఎట్లా కొట్లాడామో టెండరు కాగితం మీద మన పేరు కోసం అట్లాగే కొట్లాడాలి. ఇప్పుడు తిండిగింజ ఆ కాగితంలోంచే వస్తోంది, ఆ కాగితంలోంచే ఆగిపోతోంది. ఇంటికి పోయేముందు ఒక్కో ఊరి నుంచి ఒక్కో దరఖాస్తు రాసి పొమ్మని కోరుతున్నాను. కాగితాలు, కార్బన్లు ఆ బల్ల మీదున్నాయి.

జై భీమ్!